పరిధిలో లేని భవనం

తగ్‌బలాన్ సాంకేతిక కళాశాల సివిల్ ఇంజనీరింగ్ విభాగం ఈ ఏడు కూడా దేశానికి తన వంతు సేవ చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సిమెంటులో కొంత తీసేసి దాని స్థానంలో ఇంకేదైనా కలపవచ్చునని మా విద్యార్థులు మరోసారి నిరూపించారు.

మా దగ్గర ఈ చదువు ఇలాగే ముగుస్తుంది. దూలాలు, స్తంభాలు, మట్టి, నీళ్లు అన్నీ చదివాక, ఆఖరి ఏడాది ప్రతి జట్టూ ఊరు పారేసే చెత్తలో ఒకటి ఏరుకుని కాంక్రీటులో కలుపుతుంది. ఊక బూడిద అయింది. కొబ్బరి చిప్పలు అయ్యాయి. ఆల్చిప్పలు, షాంపూ ప్యాకెట్లు, మంగలి షాపులో ఊడ్చిన జుట్టు, అన్నీ అయ్యాయి. పోయినేడు ఒక జట్టు అరటి తొక్కలు కలిపింది. ఆ కాంక్రీటుతో పోసిన దిమ్మలు పరీక్షకు వెళ్లేలోపే చీమలు వాటిని ఆమోదించాయి. ఇన్ని కలిపినా దేశంలో వీటితో ఒక్క ప్రహరీ గోడ లేవలేదు. ఎందుకు లేవలేదని అడగడం పరిధిలో లేదు.

పరిధి అన్నది మాకు పెద్ద మాట. ప్రతి పరిశోధన పుస్తకంలోనూ మొదటి అధ్యాయం చివర ‘పరిధి, పరిమితులు’ అని ఒక భాగం ఉంటుంది. ఏమేం చూడబోవడం లేదో అక్కడ ముందే రాసేస్తే, చూడనందుకు తర్వాత ఎవరూ తిట్టడానికి లేదు. మా కళాశాల ఇన్నేళ్లలో కట్టిన వాటిలో గట్టి కట్టడం ఇదొక్కటే.

ఈసారి జునలిన్ కబాహుగ్ జట్టుకు కోడిగుడ్డు పెంకులు దొరికాయి. ఆమె తల్లి లెచె ఫ్లాన్ చేసి అమ్ముతుంది. గుడ్లూ పాలూ పంచదార పాకంతో ఆవిరి మీద ఉడికే మిఠాయి కాబట్టి ఆ ఇంట్లో పెంకులకు కరువు లేదు. జునలిన్, ఆమె జట్టువాడు ఎల్మర్ వాటిని కడిగి, ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, పుస్తకంలో ఉన్నంత సిమెంటు, ఇసుక, కంకర కొలిచి కలిపారు. నిజంగా కొలిచారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

పెంకుల కాంక్రీటు బలం తేలాలంటే పక్కన మామూలు కాంక్రీటు కూడా ఉండాలి కదా. డీన్ ఇంజనీర్ డెల్ఫిన్ మగ్‌బనువా దయామయుడు. పిల్లలు మళ్లీ కలపడం ఎందుకని, ఆవరణలోనే లేస్తున్న డాన్ ఫెలిసిసిమో విద్యాభవనం దగ్గరికి పంపి, స్తంభాల్లో పోస్తున్న కాంక్రీటులోంచి ఒక తోపుడు బండెడు ఇప్పించారు. డాన్ ఫెలిసిసిమో అంటే మేయరు గారి కీర్తిశేషులైన తండ్రి. భవనం కాంట్రాక్టరు ఇంజనీర్ నెస్టోరియో అబెల్యేరా అంటే మేయరు గారి బావమరిది, డీన్ గారి పెద్దబ్బాయికి జ్ఞానస్నానం నాడు నిలబడ్డ జ్ఞానతండ్రి. ఇలా చుట్టరికం దగ్గర అతుకు బాగానే పడింది. కాంక్రీటు దగ్గరే పడలేదు.

రెండు కాంక్రీట్లతో పోసిన దిమ్మలూ నీళ్లలో నానాయి. గడువయ్యాక యంత్రం కింద పెట్టి నొక్కారు. పెంకుల దిమ్మ మొరాయించి, మొరాయించి, పెద్ద చప్పుడుతో పగిలింది. భవనం దిమ్మ చప్పుడే చేయలేదు. మర్యాదస్తురాలిలా కూర్చుండిపోయింది. రావలసిన బలంలో సగం కూడా రాలేదు. అన్ని దిమ్మలదీ అదే కథ.

యంత్రం పక్కనే నిలబడి ఎల్మర్ అన్నాడు. “మిషన్ పాడైందేమో.”

“మన పెంకుల దిమ్మకి పాడవలేదుగా.”

“అయితే మనం పాడయ్యాం.”

మౌఖిక పరీక్ష రోజు వచ్చింది. పరీక్షాధికారులకు భోజనం విద్యార్థులే పెట్టాలన్నది నిబంధనల్లో ఎక్కడా లేదు, అందుకే ఎవరూ తప్పరు. పన్సిత్ నూడుల్సు, కాల్చిన కోడి, జునలిన్ తల్లి చేతి ఫ్లాన్ బల్లమీద వరసగా పెట్టారు. పరీక్షాధికారులు ముగ్గురు. డీన్ గారు. ఇంగ్లీషు మేడం. పరిశ్రమ తరఫు నిపుణుడు, అంటే కాంట్రాక్టరు అబెల్యేరా గారు. పరీక్షకు నిపుణుడు దొరకడమే కష్టమైన రోజుల్లో, సొంత కాంక్రీటుకు సొంత నిపుణుడు దొరకడం మా అదృష్టం.

ఇంగ్లీషు మేడం ముందుగా శీర్షిక పొట్టిగా ఉందన్నారు. కృతజ్ఞతల పేజీలో మేయరు గారి పేరు లేదని గుర్తించారు. తర్వాత ఫలితాల గ్రాఫు బొమ్మ తెరమీదికి వచ్చింది. కోడి కాలు పట్టుకున్న కాంట్రాక్టరు గారి చెయ్యి గాల్లో ఆగింది.

“అంటే ఏంటమ్మా? గుడ్డు పెంకు నా కాంక్రీటు కంటే గట్టిదా? అయితే టెండరు కోళ్లకే ఇచ్చేయమనండి.”

“కోడి పెంకులో వేయాల్సినంత సున్నం వేస్తుంది సార్,” అంది జునలిన్.

ఎల్మర్ దగ్గు తెచ్చుకున్నాడు. ఇంగ్లీషు మేడం ఫ్లాన్ వైపు చూశారు. డీన్ గారు లేచి నిలబడి, చరిత్రలో నిలిచిపోవలసిన ఉపన్యాసం ఇచ్చారు.

“విద్యార్థులారా, శాస్త్రమంటే వినయం. ఒక దిమ్మ విరిగితే లోపం భవనంలో ఉందా, దిమ్మలో ఉందా అని నిజమైన ఇంజనీరు తనను తాను ప్రశ్నించుకుంటాడు. భవనానికి రిబ్బను కత్తిరించే తేదీ ఖరారైంది. దిమ్మకు కాలేదు. కనుక లోపం దిమ్మలోనే ఉంది. మీ పరిశోధన గుడ్డు పెంకుల మీద. భవనం మీ పరిధిలో లేదు. భూకంపం అసలే లేదు. మామూలు కాంక్రీటు బలం పుస్తకంలో ఎంతుందో అంత వేసి, సంతకం పెట్టి తీసుకురండి. పట్టా తీసుకోండి. ఇంజనీర్లు అనిపించుకోండి.”

“పుస్తకంలో అంకె వేస్తే, మేం పరీక్ష చేసినట్టా, చేయనట్టా సార్?” అని అడిగింది జునలిన్.

“పాసైనట్టు,” అన్నారు డీన్ గారు.

ఎల్మర్ ఆ సాయంత్రమే సంతకం పెట్టాడు. అతన్ని తప్పు పట్టకండి, ఇంటిల్లిపాదీ అతని ఉద్యోగం కోసం కాచుక్కూర్చుంది. కొత్త అంకె పడగానే బొమ్మ తలకిందులైంది. గుడ్డు పెంకుల కాంక్రీటు మామూలు దానికంటే బలహీనమనీ, నిర్మాణానికి పనికిరాదనీ తేలింది. ఒక్క గీతతో చెడ్డ కాంక్రీటు మంచిదీ, మంచిది చెడ్డదీ అయ్యాయి. దీనికే ఎల్మర్‌కు ఉత్తమ పరిశోధన బహుమతి వచ్చింది.

జునలిన్ సంతకం పెట్టలేదు. ఆమె పేరు ఎదుట ‘మళ్లీ హాజరు కావాలి’ అని పడింది. ఇంట్లో తల్లి నెత్తి కొట్టుకుంది.

“ఒక్క అంకె, ఇందాయ్, నా తల్లీ. ఒకే ఒక్క అంకె. నన్ను బరువెంతని అడిగితే నేను నిజం చెప్తానా?”

“నీ మీద నాలుగంతస్తులు నిలబెట్టట్లేదుగా అమ్మా.”

“నిన్నూ మీ నాన్ననీ నా మీదే నిలబెట్టలేదూ? చాల్లే.”

వీధి వీధంతా తల్లి పక్షమే. పిల్లకు పొగరు అన్నారు. చదువెక్కువై మతి చెడింది అన్నారు. మేయరు గారి నాన్న పేరున్న భవనాన్ని అంటావా అన్నారు. రిబ్బను తెగింది. బ్యాండు మోగింది. ఫాదర్ వచ్చి పవిత్ర జలం చల్లారు. ఆ కాంక్రీటులో పడిన పదార్థాల్లో కొలత ప్రకారం పడింది అదొక్కటే. అధ్యాపకులు మాత్రం పాత భవనంలోనే ఉండిపోయారు. దానితో అనుబంధమట.

ఆ తర్వాత నమోదు రోజు వచ్చింది. పరిశోధన సబ్జెక్టుకు మళ్లీ ఫీజు కట్టడానికి జునలిన్ కూడా వచ్చి నిలబడింది. కొత్త భవనంలో తరగతి గదుల కేటాయింపుకు రెండు కిటికీలు తెరిచారు, కింది అంతస్తుకు ఒకటి, పై అంతస్తులకు ఒకటి. పై అంతస్తుల కిటికీ దగ్గర గుమాస్తా ఈగలు తోలుకుంటున్నాడు. కింది అంతస్తు వరస గేటు దాటి, జీప్నీ బండ్లు ఆగే చోటి దాకా సాగింది. జునలిన్‌కు పొగరని అందరికంటే గట్టిగా అన్న పక్కింటి ఎర్లిండా, కూతురి చెయ్యి పట్టుకుని అందులో ముందే ఉంది.

“కిందెందుకు అత్తా? పైన గాలొస్తుంది,” అంది జునలిన్.

“కిందైతే ఒక్క ఉదుటున బయటికొచ్చేయొచ్చు.”

“ఎందుకు రావాలి? బిల్డింగు భేషుగ్గా ఉందన్నావుగా.”

“భేషుగ్గానే ఉంది. భేషుగ్గా ఉంటే మాత్రం కింద కూర్చోకూడదని రూలుందా?”

“కూర్చో. పైన మూడంతస్తులున్నాయి. పడితే అవెక్కడికి పోతాయనుకున్నావు?”

ఎర్లిండా చేతిలో విసనకర్ర ఆగింది. తలెత్తి పైకి చూసింది. కూతుర్ని లాక్కుంటూ రెండో కిటికీకి నడిచింది. ఆమె వెనకావిడ వెళ్లింది. ఆవిడ వెనకాయన వెళ్లాడు. ఎందుకు వెళ్తున్నారని ఎవరూ ఎవర్నీ అడగలేదు. వరస మొత్తం కదిలి, అటు తిరిగి, కొత్త కిటికీ ముందు తోసుకోవడం మొదలుపెట్టింది. నాలుగో అంతస్తు నిండిపోయిందన్నందుకు ఇద్దరు తండ్రులు కలబడ్డారు. భవనం సంగతేమిటని ఒక్కరూ అడగలేదు. కేటాయింపులో అన్యాయం జరిగిందని మాత్రం అందరూ అడిగారు. డీన్ గారు బయటికొచ్చి, పై అంతస్తులకు చీటీలు తీసి న్యాయం చేస్తామని మాట ఇస్తే చప్పట్లు కొట్టారు.

జునలిన్ అంకె నిజమేనని ఆ పూట ఊరంతా ఒప్పుకుంది. మార్కులు మాత్రం వేయలేదు.