కోటు వేసుకున్న కొండప్ప

చూసి గీసేవాడు నకలు తీసేవాడు, చూడకుండా గీసేవాడే కళాకారుడు! ఈ మహావాక్యాన్ని లోకానికి ప్రసాదించినవాడు గుంతకల్లు రైల్వేలో గుమాస్తా విజయభాస్కర్. ఆ సమయానికి లోకం అంటే ఇద్దరే. అలసందలు ఒలుస్తున్న భార్య సువార్త, ఆమె కాళ్ల దగ్గర నిద్రపోతున్న కుక్క సేపియా.

మట్టిరంగు కుక్క. రంగు గొట్టం మీద రాసిన పేరు చూసి ముచ్చటపడి దానికి పెట్టుకున్నాడు. ఆ పేరుకు నోరు తిరగక వీధివాళ్లు సిపాయీ అని పిలుస్తారు. అది రెండు పేర్లకూ పలకదు, బిస్కెట్టు చూపిస్తే మాత్రం వస్తుంది.

ఎనిమిదేళ్లుగా ఆదివారం చర్చి నుంచి రావడం ఆలస్యం, విజయభాస్కర్ కుంచె పట్టుకుంటాడు. ఎండిన పెన్నేరు, సాయంత్రం పూట ఎండిన పెన్నేరు, నిండుగా పారుతున్న పెన్నేరు. చివరిది ఊహాచిత్రం. ఎవరి పెళ్లికి వెళ్లినా కానుకగా ఒక బొమ్మ పట్టుకెళ్తాడు. అలా ఇచ్చిన పదిహేడింట్లో ఒక్కటీ ఎవరి గోడా ఎక్కలేదు. ఒకటి మాత్రం మేనమామ ఇంట్లో కోళ్లగంప మీద మూతగా కనబడింది. ఆ పూట పాపం అతనికి ముద్ద దిగలేదు. కింద తన పేరున్న బొమ్మ ఎవరింటి గోడకైనా ఒక్కసారి ఎక్కాలి. అతనికున్న కోరిక అంతే.

ఆ కోరిక తీర్చడానికే అన్నట్టు నరసింహులు కారు దిగాడు.

నరసింహులు బోర్లు వేసే లారీల యజమాని. ఆయన వేసిన బోర్లలో నీళ్లు ఎంతమందికి పడ్డాయో తెలియదు గాని, ఆయనకు మాత్రం ఊరి శివార్లలో రెండంతస్తుల మేడ పడింది. మేడ తరవాత మనిషికి కావలసింది వంశం. ఆయన తండ్రి కొండప్ప గొర్రెలు కాసి బతికి, ఇరవై ఏళ్ల కిందట పోయాడు. ఒక్క ఫొటో కూడా లేదు. వచ్చే నెల కొండప్ప దివసం, అంటే చనిపోయిన తిథి. ఈసారి దానికి జిల్లా నాయకుడొకడు భోజనానికి వస్తున్నాడు. నాయకుడు వచ్చే ఇంట్లో తండ్రి పటం లేకపోతే ఎట్లా?

కోటుండాలి, జేబులో గడియారం గొలుసుండాలి, కూర్చున్న కుర్చీకి సింహం తలలుండాలి. ముఖం ఎలా ఉంటుందని విజయభాస్కర్ అడిగితే, పెద్దమనిషి ముఖం పెట్టమన్నాడు నరసింహులు. మీ అమ్మగారిని అడుగుతానంటే వద్దన్నాడు. ఆమెను అడిగితే కోటు తీసేయమంటుందట.

విజయభాస్కర్ ఒప్పుకున్నాడు గాని, అతనికొక చిక్కుంది. ఎవరితోనూ చెప్పని చిక్కు. చూడకుండా ముఖం గీస్తే అతనికి ప్రతిదీ తన బావమరిది ముఖంలాగే వస్తుంది. నాలుగుసార్లు గీశాడు. నాలుగుసార్లూ సింహం కుర్చీలో బావమరిదే కూర్చున్నాడు.

చివరికి దొడ్డివైపు రైలు పట్టాల వెంట గొర్రెలు తోలుకుపోయే ముత్యాలప్పను పిలిచాడు. గొంగడి తీయించి, తన పెళ్లికోటు తొడిగించి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎందుకని ముత్యాలప్ప అడగలేదు. పది పొద్దులు కూర్చున్నాడు. సువార్త ఇచ్చిన టీ తాను తాగి, బిస్కెట్లు సేపియాకు పెట్టాడు. అది పూర్తిగా ఆయన పార్టీలో చేరిపోయింది. రోజూ గొర్రెలవెంట సగం దూరం సాగనంపి వచ్చేది. బొమ్మ మాత్రం అద్భుతంగా కుదిరింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి విజయభాస్కర్ గీసిన మనిషి మనిషిలా ఉన్నాడు.

దివసం నాడు నరసింహులు ఇంటిముందు పందిరి, పందిట్లో మైకు, హాల్లో గోడకు తెర కట్టిన పటం. నాయకుడు తెర లాగాడు, చేతులు జోడించాడు, కళ్లు కూడా మూశాడు. ఎంత వర్చస్సు, ఎంత హుందాతనం అన్నాడు. కొండప్పతో కలిసి గొర్రెలు కాసిన ముసలాయన కూడా పక్కవాళ్లను ఓసారి చూసి, అచ్చం ఆయప్పేనని మైకులో చెప్పాడు. కొండప్ప భార్య హనుమక్కను ముందుకు తీసుకొచ్చారు. ఆమె చాలాసేపు చూసింది. కోటు బాగుందని మాత్రం అంది.

ఫొటో లేకుండా ఇంత పోలిక ఎలా తెచ్చావయ్యా అని నాయకుడు అడిగాడు. ఈ ప్రశ్న కోసం విజయభాస్కర్ ఎనిమిదేళ్లుగా జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాడు. మూడురోజులు ధ్యానంలో కూర్చున్నానని, కొండప్పగారే స్వయంగా కళ్లముందుకు వచ్చి నిలబడ్డారని చెప్పాడు. నాయకుడికి ఒళ్లు పులకరించింది. అనంతపురంలో ఈ కళాకారుడి చిత్రాలతో ప్రదర్శన పెట్టిస్తానని అక్కడికక్కడే మైకులో ప్రకటించాడు. విజయభాస్కర్ కళ్లు చెమ్మగిల్లాయి. పదిహేడు బొమ్మలనూ కానుకిచ్చిన ఇళ్లనుంచి వెనక్కి ఎలా అడగాలా అని అప్పుడే లెక్కలు వేసుకుంటున్నాడు.

పటం ముందు ఆకు వేసి పులావు, లడ్లు, గారెలు వడ్డించారు. పెద్దాయనకు పెట్టాకే బంతి మొదలవ్వాలి. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ముత్యాలప్ప ప్రత్యక్షమయ్యాడు. గొంగడి, చేతికర్ర, వెనకాల సేపియా. సువార్త ఆయనకు నిజం చెప్పేసింది. నీ బొమ్మ పెద్దోళ్లింట్లో పెడుతున్నారు, పోయి చూసిరా పెద్దాయనా అని.

నరసింహులు గబగబా గేటు దగ్గరికి నడిచాడు.

“మిగిలినంక పెడతారులే. ఆ బయట నీడన కూచోపో.”

“అన్నానికి రాలేదప్పా. బొమ్మ చూసిపోదామని వచ్చినా. నాదే అంట.”

నరసింహులు వెనక్కి తిరిగి విజయభాస్కర్ వైపు చూశాడు. ఆ చూపులో అనంతపురం ప్రదర్శన మొత్తం ఊగిసలాడింది.

“ఈయన్ని నేనెప్పుడూ చూడలేదన్నా” అన్నాడు విజయభాస్కర్.

ఆ గొంతు వినగానే సేపియా పరుగున వచ్చి అతని మీదికి దూకింది, చొక్కా నాకింది, మళ్లీ పరుగున వెళ్లి ముత్యాలప్ప కర్ర చుట్టూ తిరిగింది. వాళ్లిద్దరికీ పరిచయం చేస్తున్నట్టు నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరిగింది. ఏమిటీ సందడి అని నాయకుడు ఇటు తిరిగాడు. గేటు దగ్గరి ముఖం చూశాడు. గోడమీది ముఖం చూశాడు.

“ఏమప్పా నరసింహులూ, ఈయన మీ నాయనకు ఏమైతాడు?”

పందిరంతా చెవులు రిక్కించింది. నరసింహులు ముందు రెండే దారులున్నాయి. పటం అబద్ధమని ఒప్పుకోవడం ఒకటి. ఆయన రెండోదే పట్టుకున్నాడు.

“చిన్నాయన సార్. సొంత చిన్నాయన.”

మరుక్షణం ఎవరో ముత్యాలప్ప చేతికర్ర అందుకున్నారు, ఎవరో కాళ్లకు నీళ్లిచ్చారు, ఎవరో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆయన ఏమీ అర్థంకాక కుర్చీలోంచి లేవబోతే నాయకుడే భుజం పట్టి ఆపాడు. హనుమక్క లోపలికి వెళ్లి, కొడుక్కి తెలియకుండా మొగుడికోసం చేసి దాచిన రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి పట్టుకొచ్చింది. పటం ముందు పెట్టలేదు. ముత్యాలప్ప ముందు ఆకు వేసి వడ్డించింది.

“ఇంటి పెద్ద తినేదాకా ఎవురూ ముట్టగూడదు. మా ఇంటి కట్టుబాటు” అంది.

నాయకుడు ఎత్తిన లడ్డు దించాడు. నూటయాభై మంది ఆకుల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ముత్యాలప్పకు తొందరేమీ లేదు. ముద్ద చేసి, ఊరిబిండి అద్దుకుని, గొర్రెల వెనక నడిచే మనిషి తీరుబడితో తింటున్నాడు.

హనుమక్క చెంగుతో చేతులు తుడుచుకుంటూ బంతిలో కూర్చున్న విజయభాస్కర్ దగ్గరికి వచ్చింది.

“ధ్యానంలో మా ఆయన కనపడినాడంటివి గదప్పా. ఇరవై ఏండ్లాయ, నాకు కల్లోకి గుడక రాలేదు. నన్నేమన్నా అడిగినాడా?”

ఆమె ముఖంలో ఎగతాళి లేదు. అదే విజయభాస్కర్‌ను చంపేసింది. గొర్రెలు కాసే ముత్యాలప్పకు పెళ్లికోటు తొడిగినప్పుడు రాని సిగ్గు, సొంత కుక్క ముందు అబద్ధమాడినప్పుడు రాని సిగ్గు, ఇప్పుడు ఒక్కసారిగా ముంచుకొచ్చింది. ప్రదర్శన పోతే పోయింది. లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పాడు.

“లేదవ్వా. నాకెవరూ కనపడలేదు. ఈ ముత్యాలప్పను కూర్చోబెట్టి గీసినా. ఆ పటంలో ఉండేది ఈయనే.”

పందిరి చివరిదాకా వినబడింది. అందరూ ఆకుల్లోకి తలలు దించుకున్నారు. ఆ పటానికి దండం పెట్టనివాడెవడు అక్కడ? అచ్చం ఆయప్పేనన్న ముసలాయన ఆకులోని ఉప్పును తదేకంగా చూస్తున్నాడు.

నాయకుడే ముందు తేరుకున్నాడు. మైకు లాక్కున్నాడు.

“విన్నారా? ఇంత విద్య ఉండీ తన గొప్పేమీ లేదంటాండాడు! కళాకారుడి వినయమంటే ఇది. అనంతపురం ప్రదర్శన ఖాయం.”

చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా నరసింహులు కొట్టాడు. విజయభాస్కర్ ఇంకా ఏదో చెప్పబోతే ఎవరో అతని మెడలో పూలమాల వేశారు.

ముత్యాలప్ప ఆకులోంచి తలెత్తి, ఇంకొక ముద్ద సంగటి పెట్టమన్నాడు. చప్పట్లు ఆగిపోయాయి. నూటయాభై మంది మళ్లీ చేతులు కట్టుకున్నారు.