బ్యాండు మాస్టారి ఎర్రకోటు

"బావా! ఈ క్షణం నుంచి ఈ ఊళ్ళో నేరస్థులకి నిద్ర లేదు. వాళ్ళ గుండెల్లో పరిగెత్తబోయే రైలు పేరు డిటెక్టివ్ డేగ!"

మా బావమరిది నా కుట్టుమిషను పక్కన నిలబడి చెయ్యెత్తి మరీ ప్రకటించాడు. ఆ చెయ్యి తగిలి అరలో ఉన్న దారపు రీళ్ళన్నీ జలజలా నా నెత్తిన పడ్డాయి.

డేగ అన్నది అతను తనకు తానే ఇచ్చుకున్న బిరుదు. వాన జాడ లేకపోయినా రెయిన్‌కోటు వేసుకుంటాడు. కాలరు ఎత్తితే ముఖం కనిపించదు, దించితే తెలివి కనిపించదు. ఆమధ్య పాల ప్యాకెట్ల దొంగని పట్టుకుంటానని పొద్దున్నే కాపుకాసి, పాలు వేసే మనిషినే పట్టుకుని, వీధి మొత్తం చేత డికాషను తాగించాడు. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు కాబట్టి నేనేమీ అనలేను.

"నీకెవరు చెప్పారు నేరం జరిగిందని?" అన్నాను రీళ్ళు ఏరుకుంటూ.

"నీ ముఖం చెప్పింది. టేబులు కింద దూరి వెతుకుతున్న నీ వెనకభాగం కూడా చెప్పింది. ఏం పోయింది?"

ఏం పోయిందో చెప్పాలంటే మా కొట్టు సంగతి కొంచెం చెప్పాలి. నేను దర్జీని. ఏటా చలికాలం సెలవులు వస్తున్నాయనగానే మా ఆవిడ కిటికీ కింద పెద్ద బుట్ట పెడుతుంది. వీధిలోవాళ్ళు పాతబట్టలు తెచ్చి అందులో వేస్తారు. మేడమీద ఉండే పిన్ని వాటిని పైకి పట్టుకుపోయి, కత్తిరించి, దూది కూరి బొమ్మలు కుడుతుంది. ఆవిడ నాకే కాదు, వీధి అందరికీ పిన్నే. సెలవులు మొదలయ్యే రోజున ఆ బొమ్మలన్నీ ఆసుపత్రిలో పిల్లల వార్డుకి వెళ్తాయి. ఇచ్చినవాళ్ళు మొహమాటపడకూడదని మా ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. బుట్టలో పడ్డ బట్ట ఎవరిదని ఎవరూ అడగకూడదు.

ఈసారి వార్డులో క్లారినెట్ వాయించడానికి బ్యాండు మాస్టారిని పిలిచింది మా ఆవిడ. ఆయన మర్నాడే నా దగ్గరికి తన కోటు తెచ్చారు. ఎర్రటి కోటు, ఇత్తడి గుండీలు. లోపలి లైనింగు చిరిగింది.

"టైలరూ, ఇది వేసుకుంటేనే నేను బ్యాండు మాస్టార్ని. విప్పేస్తే ఉత్త ముసలాణ్ణి. బ్యాండు విడిపోయాక నన్ను పిలిచిన నాథుడు లేడయ్యా. ఇన్నాళ్ళకి పిల్లల కోసం పిలిచారు. జాగ్రత్తగా కుట్టు" అన్నారు. ఆ మాట అంటూ కోటుని పసిపిల్లని తడిమినట్టు తడిమారు. నా పెళ్ళి ఊరేగింపులో ముందు నడిచింది కూడా ఆ కోటే మరి.

కుట్టాను. మొన్న తలుపు పక్క కొక్కేనికి తగిలించాను. ఇప్పుడు చూస్తే కోటు లేదు. రేపే సెలవులు మొదలు.

డేగ అంతా విని కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని భుజం తట్టాను.

"ఆలోచిస్తున్నాను బావా. ఇది మామూలు దొంగతనం కాదు. సంగీతం మీద పగబట్టిన ముఠా పని. ఒక్క షరతు. ఈ సంగతి అక్కకి కూడా తెలియకూడదు."

"మీ అక్కకెందుకు చెప్పకూడదు? ఒకసారి అడిగితే..."

"ఇంట్లోవాళ్ళే మొదటి అనుమానితులు. అది మా వృత్తిధర్మం."

మా ఆవిడకి తెలిస్తే నాకు పడే అక్షింతలు తలుచుకుని నేనూ సరేనన్నాను.

డేగ నేలమీద బోర్లా పడుకుని భూతద్దం పెట్టాడు. "బావా! దారప్పోగు!" అని కేక వేశాడు.

"ఇది దర్జీ కొట్టు."

"ఇక్కడ ఇంకోటి! నేరస్థుడు కావాలనే ఆధారాలు వెదజల్లుకుంటూ వెళ్ళాడు. గర్విష్ఠి!"

అలా పాకుతూ పాకుతూ గుమ్మం దాటి పక్కనున్న ఇస్త్రీ బండి దాకా వెళ్ళిపోయాడు. ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టి కిందికి చూశాడు.

"ఏం పోయింది బాబూ?"

"ఏదో పోయిందని నీకెలా తెలుసు?"

"నేలమీద పాకుతున్నారు కదా."

"తెలివైన సమాధానం. మరీ తెలివైన సమాధానం" అని డేగ లేస్తూ చెయ్యి ఆనించింది ఇస్త్రీపెట్టె మీద. అతను పెట్టిన కేకకి ఎదురింటి కుక్క కూడా లోపలికి పోయింది. వేళ్ళు చన్నీళ్ళ చెంబులో ముంచుకునే, ఇస్త్రీ అతన్ని నిర్దోషిగా ప్రకటించి మేడెక్కాడు.

చాలాసేపటికి దిగివచ్చాడు.

"పిన్నిని నేర్పుగా ప్రశ్నించాను బావా. కోటు మాట ఎత్తకుండానే! ఈమధ్య ఈ చుట్టుపక్కల ఎవరైనా అనుమానంగా తిరుగుతున్నారా అని అడిగాను."

"ఏమంది?"

"నువ్వే నాయనా అంది. పాపం, పెద్దావిడ. చూపానక సూదిలో దారం ఎక్కించలేక అవస్థ పడుతుంటే, పక్కన కూర్చుని ఎలుగుబంటి బొమ్మలకి కళ్ళు కుట్టిపెట్టాను. కళ్ళు భలే మెరుస్తున్నాయిలే. ఆవిడ మాత్రం కడిగిన ముత్యం."

ఎలుగుబంట్ల కళ్ళు మెరిస్తే నాకేం, మెరవకపోతే నాకేం? రేపు మాస్టారికి నా ముఖం ఎలా చూపించాలా అని నేను ఏడుస్తుంటే!

తెల్లారింది. కోటు దొరకలేదు. ఇక లాభం లేదని, ఉన్నమాట చెప్పేద్దామని మాస్టారింటికి బయల్దేరాను. కొట్టులో ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టె ఉంది. పిన్ని సంచుల్లో దింపిన బొమ్మల్ని మా ఆవిడ అందులో పోసి, రిబ్బను కోసం లోపలికి వెళ్ళింది.

"కొట్టు చూస్తూ ఉండు" అన్నాను డేగతో.

"చూడ్డమేమిటి బావా, కాపుకాస్తాను. బట్టల రుచి మరిగిన దొంగ బొమ్మల్ని వదలడు" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

మాస్టారు నేను చెప్పింది ఆసాంతం విన్నారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "వస్తానని మాటిచ్చాను, వస్తాను. వాయించమని మాత్రం అడగొద్దు" అని, మామూలు తెల్లచొక్కా తొడుక్కుని, క్లారినెట్ పెట్టె చంకన పెట్టుకున్నారు. భూమి చీలితే అందులోకి దిగిపోదామనిపించింది నాకు.

మేం ఆసుపత్రికి వెళ్ళేసరికి వ్యాను డ్రైవరు, వార్డుబాయ్ కలిసి అట్టపెట్టెని రొప్పుతూ మోసుకొస్తున్నారు.

"ఇవి బొమ్మలా అమ్మా, బండరాళ్ళా?" అన్నాడు డ్రైవరు.

"మా పిన్ని దూది గట్టిగా కూరుతుంది" అంది మా ఆవిడ, పక్కనే వస్తున్న పిన్నిని చూపిస్తూ గర్వంగా.

పెట్టెని వార్డు మధ్యలో దించారు. మంచాలమీద పిల్లలందరూ మెడలు సాచారు. మాస్టారు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని గోడవైపు చూస్తున్నారు. మా ఆవిడ రిబ్బను మీద చెయ్యి వేసింది.

పెట్టె గుర్రు పెట్టింది.

నర్సు వెనక్కి గెంతింది. పెట్టె కదిలింది, ఊగింది, పక్కకి ఒరిగి దబ్బున పడింది. మూత చిరిగి, ముందు ఒక భూతద్దం, దాని వెనక జుట్టంతా దూదితో మా బావమరిది తల బయటికొచ్చాయి.

"కదలకండి! దొంగ ఈ గదిలోనే ఉన్నాడు!" అని అరిచాడు నిద్రకళ్ళతో.

పిల్లలు పడీపడీ నవ్వారు. పెట్టెలోంచి బొమ్మలు వార్డంతా దొర్లాయి. కుందేళ్ళు, ఏనుగులు, వాటి వెనక ఎలుగుబంట్లు. ఎర్రటి ఎలుగుబంట్లు. వాటికి ఇత్తడి గుండీల కళ్ళు.

నా పైప్రాణాలు పైనే పోయాయి.

"పిన్నీ! ఈ ఎర్రబట్ట ఎక్కడిది?" అన్నాను.

"బుట్టమీదుంది నాయనా, కోటు. ఎవరిదో మంచి మనసు. గుండీలు కళ్ళకి ఎంత బాగా కుదిరాయో చూడు" అంది పిన్ని.

"మాస్టారి కోటా!" అని మా ఆవిడ నోటిమీద చెయ్యి వేసుకుంది. "పోయిందని నాకు ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయింది?"

నేను డేగ వైపు చూశాను. అతను అప్పటికే ఉపన్యాసం మొదలెట్టాడు.

"సభకి నమస్కారం! కోటు తనంతట తాను బుట్టలోకి నడవదు. ఎవరో కొక్కెంమీంచి తీశారు. ఎందుకు? కొక్కెం ఖాళీ కావాలి కనక. ఎందుకు కావాలి? తన కోటు తగిలించుకోడానికి. అంటే నేరస్థుడు ఎండలో కూడా కోటేసుకు తిరిగే దుర్మార్గుడు. ఆ కోటు..."

అతని గొంతు సన్నబడింది. తన రెయిన్‌కోటు చేతుల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"బావా," అన్నాడు మెల్లగా, "ఈ కేసు ఇక్కడితో మూసేద్దాం."

మా ఆవిడ కళ్ళు ఎర్రజేసి తమ్ముడి వైపు నడిచింది. అంతలో అందరం ఆగిపోయాం. మాస్టారు స్టూలు మీంచి లేచారు. వంగి, ఒక ఎర్ర ఎలుగుబంటిని తీసుకుని, దాని కన్నుని బొటనవేలితో తుడిచారు.

కాలికి పెద్ద కట్టుతో ఒక పిల్ల తన మంచంమీంచి ఆయన్నే చూస్తోంది. దాని ఒళ్ళోనూ ఒక ఎర్ర ఎలుగుబంటి ఉంది. దాన్ని ఒకసారి గట్టిగా హత్తుకుని, ఆయనవైపు చాపింది.

"ఇది మీ కోటట కదా తాతగారూ. తీసేసుకోండి."

మాస్టారు దగ్గరికి వెళ్ళారు. ఎలుగుబంటిని తన భుజాలకి ఆనించి కొలత చూసుకున్నారు, అటు తిరిగి, ఇటు తిరిగి.

"నాకు పట్టదు తల్లీ. నీకే సరిపోయింది" అన్నారు.

దాన్ని ఆ పిల్ల దుప్పట్లో పెట్టి, క్లారినెట్ తీశారు. తెల్లచొక్కాలోనే, మంచాల మధ్య ఊరేగింపులా నడుస్తూ వాయించారు. అంత బాగా ఆయన నా పెళ్ళిలో కూడా వాయించలేదు. చప్పుడు చెయ్యొద్దని చెప్పడానికి వచ్చిన నర్సు కాలితో తాళం వేస్తోంది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

"బావా," అని వెనకనుంచి గొంతు వినిపించింది, "పాట అయ్యాక నన్నెవరైనా ఈ పెట్టెలోంచి లాగుతారా?"