విడాకుల నకలు

పెళ్లయి నెల తిరగని ఆ దంపతులు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. కోర్టుకు వెళ్లి ఆయనగారి మొదటి పెళ్లి తాలూకు విడాకుల తీర్పు నకలు తీసుకోవడం, దాన్ని పక్క వీధిలోని రిజిస్ట్రారుకు చూపించి తమ పెళ్లి సర్టిఫికెట్ పుచ్చుకోవడం, అది పట్టుకెళ్లి విద్యాశాఖ ఆఫీసులో ఇచ్చేయడం, ఆ తర్వాత ఐస్‌క్రీమ్ తినడం. ఐస్‌క్రీమ్ ఏ రుచిదో బండి మీద వెళ్తూనే తేల్చేసుకున్నారు. మిగతా మూడింటి గురించి అంత లోతుగా ఆలోచించలేదు.

ఆమె లెక్కల పంతులమ్మ. పనిచేసే బడి, రెండు బస్సులు మారితే గానీ రాని ఊళ్లో ఉంది. ఆయనది ఈ ఊళ్లోనే కళ్లజోళ్ల షాపు. భార్యాభర్తలను ఒకేచోట ఉంచే బదిలీలకు ఆ సాయంత్రమే ఆఖరు గడువు. దరఖాస్తుకు పెళ్లి సర్టిఫికెట్ జతచేస్తే ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. లేకపోతే ఇంకో ఏడాది పాటు ఆదివారం మొగుడూపెళ్లాలు.

"ఆ కాగితమేదో మీరు దాచుకుని ఉంటే ఈ తిప్పలుండేవి కాదుగా?" అంది ఆమె వెనక సీట్లోంచి.

"దాచాను. మీ ఇంటికి మాట్లాడటానికి వచ్చే ముందురోజు అమ్మ చించేసింది. శుభమా అని పిల్లను చూడబోతుంటే ఇంట్లో ఈ దరిద్రం ఎందుకురా అని."

అత్తగారు తన కోసం కోర్టు కాగితాలు చించారని తెలిసి పంతులమ్మకు ముచ్చటేసింది. మొదటి నెలలో దేనికైనా ముచ్చటేస్తుంది.

రికార్డు రూము కిటికీకి ఒక కంత ఉంది. అది నడుము ఎత్తులో ఉండడం వల్ల లోపలి గుమస్తాతో మాట్లాడాలంటే ఎంతటివాడైనా వంగాల్సిందే. చట్టం ముందు అందరూ సమానమేనన్నది అక్కడ కళ్లారా చూడవచ్చు. దంపతులిద్దరూ చెంపకు చెంప ఆనించి వంగారు. అది కూడా వాళ్లకు బాగానే ఉంది.

"కేసు నంబరు?" అన్నాడు గుమస్తా.

"తెలీదండీ."

"ఏ సంవత్సరం?"

కళ్లజోళ్లాయన పైకప్పు కేసి చూశాడు. "వానాకాలమని గుర్తు."

పంతులమ్మ పొంగిపోయింది. ఆ పెళ్లిని ఎంత తేలిగ్గా మరిచిపోయాడో తన బంగారుకొండ!

"వానలకి నంబర్లు వెయ్యం బాబూ ఇక్కడ. అవతలి పార్టీ ఫోన్ నంబరైనా ఉందా?"

బంగారుకొండ జేబులో చెయ్యి పెట్టలేదు, తడుముకోలేదు. పది అంకెలూ ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా అప్పజెప్పేశాడు. గుమస్తా ఫోన్ చేశాడు. అవతలావిడ డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. "క్లచ్, క్లచ్! కాలు తియ్యకు!" అని ఎవరినో కేకలేస్తూనే కేసు నంబరు, సంవత్సరం, తారీఖుతో సహా చెప్పేసి పెట్టేసింది. ఫైలు దొరికింది. ఏ నిమిషంలోనైనా నకలు చేతికొచ్చేటట్టే ఉంది.

"ఇక్కడ ఇంకో నంబరు రాయాలి. మీ ఆవిడది చెప్పండి" అన్నాడు గుమస్తా.

కళ్లజోళ్లాయన జేబులోంచి ఫోన్ తీసి, వెతకడం మొదలుపెట్టాడు.

పంతులమ్మ చెంప పక్కకు జరిగింది.

"నా నంబరు మీకు రాదా?" అంది పంతులమ్మ.

"ఫోన్లో ఉందిగా బుజ్జీ. ఆ రోజుల్లో..."

"ఆ రోజుల్లో! ఆవిడది ఇన్నేళ్లయినా నోట్లో నానుతోంది. నాది మాత్రం ఫోన్లో పడుకుంది."

"కంఠతా వచ్చింది పోనంటే నేనేం చెయ్యను? నువ్వు చెప్పే ఎక్కాలు పిల్లలు కావాలని మర్చిపోతున్నారా?"

"నా పిల్లల జోలికి రాకండి!"

గుమస్తా నిట్టూర్చి ఒక చీటీ తీశాడు. ఆ వరండాలో మొగుడూపెళ్లాలు పోట్లాడుకుంటే వెంటనే కౌన్సెలర్ దగ్గరికి పంపాలని పైవాళ్ల ఆర్డరు. చీటీ మీద ఏదో ఒక కేసు నంబరు వెయ్యాలి కాబట్టి, చేతిలో ఉన్న ఫైలు నంబరు వేసి కంతలోంచి తోశాడు. "అందులో సంతకం పెట్టించుకొస్తేనే మిగతా పని" అన్నాడు.

విడిపోవడానికి వచ్చినవాళ్లను కలిపి పంపడం కౌన్సెలర్ ఉద్యోగం. ఆయన ముందు కూర్చున్న జంటలు సాధారణంగా ఆయన మాటలు విన్నాక మరింత పట్టుదలగా విడిపోతుంటారు. అలాంటిది ఆ రోజు ఆయన "పట్టువిడుపులుండాలి తల్లీ" అని మొదలుపెట్టీ పెట్టకముందే, కళ్లజోళ్లాయన బల్లకింద వేలితో భార్య అరచేతిలో ఆమె ఫోన్ నంబరు రాసి చూపించాడు. దారిలో బట్టీ పట్టాడు. ఒక అంకె తప్పు. అయినా పంతులమ్మ కళ్లు చెమర్చాయి.

"నన్ను క్షమించండి" అంది.

"తప్పు నాదే" అన్నాడు.

కౌన్సెలర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తన మాటకు ఇంత బలం ఉందని ఆయనకూ తెలియదు. గబగబా చీటీ మీద 'రాజీ కుదిరింది, కలిసి కాపురం చేస్తామన్నారు' అని రాసి, ఇద్దరిచేతా సంతకాలు పెట్టించి, మనసు మారకముందే స్వయంగా పరిగెత్తుకెళ్లి పైన జడ్జిగారి ఆఫీసులో ఇచ్చొచ్చాడు.

మళ్లీ కంత దగ్గర వంగేసరికి గుమస్తా చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఫైలు జడ్జిగారి దగ్గరికెళ్లింది. మీకు రాజీ అయిందటగా? ఇంకా విడాకుల నకలెందుకు?"

"రాజీ అయింది మా ఆవిడతోనండీ!"

"కేసులో ఉన్నావిడ మీ ఆవిడే కదా?"

"ఆవిడ కాదు, ఈవిడ!"

"ఈవిడ పేరు ఫైల్లో లేదే" అన్నాడు గుమస్తా ఎంతో శాంతంగా. "మా లెక్క ప్రకారం మీరు ఆవిడతో కాపురానికి ఒప్పుకున్నారు. కాదని జడ్జిగారే చెప్పాలి. రెండు పార్టీలూ రావాలి."

పోనీలే అని వదిలేద్దామంటే సాయంత్రం గడువు. పంతులమ్మకు తలప్రాణం తోకకొచ్చింది. ఇంతవరకూ ఏ కొత్త పెళ్లికూతురూ చెయ్యని పని ఆమె చేసింది. మొగుడి నోటి నుంచి ఆ పది అంకెలూ మళ్లీ చెప్పించుకుని, ఆవిడకు ఫోన్ చేసి, "అక్కా, ఒక్కసారి వచ్చి మా ఆయనతో కాపురం చెయ్యనని చెప్పి పుణ్యం కట్టుకోండి" అని బతిమాలింది.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటారే ఆ ముక్క!" అంటూనే ఆవిడ వచ్చింది. కారును ఎవరో కొత్త శిష్యురాలు నడపడం వల్ల కోర్టు గేటు దాటడానికే చాలాసేపు పట్టింది.

జడ్జిగారు కళ్లద్దాల పైనుంచి చూశారు. "మీ ఇద్దరూ కలిసుంటామని రాసిచ్చారట?"

"లేదండీ" అన్నారు ఇద్దరూ ఒకేసారి. తర్వాత "మీరు చెప్పండి" అన్నాడాయన. "ఫర్వాలేదు, మీరే చెప్పండి" అంది ఆవిడ. "ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నాడాయన. "షాపు బాగా నడుస్తోందా?" అంది ఆవిడ. విడిపోయి ఏళ్లు గడిస్తే మనుషులకు అంత మర్యాద వస్తుంది.

జడ్జిగారి ముఖం మెత్తబడింది. "ఇంత సఖ్యంగా ఉన్నారు. తొందరపడకండి. ఇంకో వారం ఆలోచించుకుని..."

వారం! పంతులమ్మ గడియారం చూసుకుంది. ఇంకొక్క మర్యాద మాట పడితే తన బదిలీ మంటగలిసినట్టే. వెనక బెంచీ మీంచి లేచి నిలబడి, అమాయకంగా అడిగింది.

"ఏమండీ, మనింటి గేటుకు ఆ సొట్ట ఎవరు పెట్టారని చెప్పారూ?"

"ఇంకెవరు, ఈవిడే! కారు వెనక్కి తీస్తూ" అన్నాడాయన.

"నేనా? 'రా, రా, ఇంకా రా' అని చేతులూపింది ఎవరు?" అని గయ్యిమంది ఆవిడ.

"ఆగు అని ఊపాను!"

"ఆగమనడానికీ రమ్మనడానికీ తేడా తెలీని మనిషి కళ్లకు అద్దాలమ్ముతున్నాడండీ, ఊరి ఖర్మ!"

"గేటును గుద్దినావిడ డ్రైవింగ్ నేర్పడం కంటేనా?"

"అసలు ఈ మనిషితో ఏ ఆడది వేగుతుందండీ? షాపులో అద్దాలు మార్చి మార్చి 'ముందుది బాగుందా, ఇది బాగుందా' అని అడగడం అలవాటై, ఇంట్లోనూ అంతే. కూర వడ్డిస్తే నిన్నటిదే బాగుందంటాడు. చీర కట్టుకుంటే ముందుదే నయమంటాడు. చివరికి వాళ్లమ్మ ఎదురుగా నన్ను నిలబెట్టి..."

"నిజమేనండీ!" అనేసింది పంతులమ్మ, తనకే తెలియకుండా. "మొన్న మా అమ్మ వంటనీ నా వంటనీ పక్కపక్కన పెట్టుకుని మరీ..."

జడ్జిగారు తలెత్తారు. "మీరెవరమ్మా? మీకూ విడాకులే కావాలా?"

"లేదండీ. బదిలీ."

జడ్జిగారు ఇక ఏమీ వినదలచుకోలేదు. రాజీ చీటీ అడ్డంగా కొట్టేసి, నకలు తక్షణం ఇమ్మని రాశారు. విడిపోయినవాళ్లు గేటు గురించి వాదించుకుంటూనే మెట్లు దిగారు. డ్రైవింగావిడ కారెక్కుతూ పంతులమ్మ భుజం తట్టి, "గట్టిదానివేనమ్మాయ్. నాకా తెలివి లేకే విడిపోవడానికి అంతకాలం పట్టింది" అంది.

రిజిస్ట్రారు సర్టిఫికెట్ ఇచ్చాడు. విద్యాశాఖ ఆఫీసులో తలుపులు మూయబోతుండగా వీళ్లు లోపల పడ్డారు. అక్కడి సీనియర్ అసిస్టెంటు కాగితాలన్నీ తిప్పి చూసి, ముద్ర చేతిలోకి తీసుకుంది. కొత్త సర్టిఫికెట్ మీద సిరా ఇంకా ఆరలేదు. కళ్లజోళ్లాయన దాని మీది భార్య ఫొటోనూ, దరఖాస్తు మీది పాత ఫొటోనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ముందు ఫొటోనే బాగుంది బుజ్జీ" అన్నాడు.

అసిస్టెంటు చెయ్యి గాల్లో ఆగింది. "ముద్ర పడితే ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు మేడమ్. ఇప్పుడు పనిచేస్తున్న ఊళ్లోనే ఇంకో ఏడాది ఉంటానన్నా ఉండొచ్చు. ఏమంటారు?"

పంతులమ్మ వెంటనే ముద్ర వేసెయ్యమంది. వెంటనే అంటే, బల్ల మీదున్న గ్లాసులో మంచినీళ్లన్నీ తాగాక.