చెప్పకుండా చేసిన సాయం

శనివారం ఉదయం పదింటికి, పాఠశాలల రోబో పోటీలో ఒక రోబో గీత దాటి వెళ్ళి న్యాయనిర్ణేత చెప్పును ఎత్తుకుపోయింది. ఆవిడ కాళ్ళు నొప్పి పుట్టి చెప్పులు విడిచి కూర్చున్నారు. రోబో చేయాల్సిన పని తిన్నగా వెళ్ళి, చెక్క దిమ్మెను ఎత్తి, బుట్టలో వేయడం. అది కుడికి తిరిగింది. దిమ్మె దొరకలేదు, చెప్పు దొరికింది. తీసుకెళ్ళి పక్క జట్టు సామాన్ల పెట్టెలో వేసింది.

ఆ రోబోను తయారుచేసిన జట్టులో ముగ్గురు. కెప్టెన్ పదో తరగతి అమ్మాయి. ఆమె తరగతివాడే రెండోవాడు; చేతిలో స్క్రూడ్రైవర్ లేకుండా ఎవరూ చూడలేదు కనుక స్క్రూ అని పిలుస్తారు. మూడో ఆమెది తొమ్మిదో తరగతి. చేరి రెండు నెలలైనా ఇంకా కొత్తమ్మాయే. రోబో ఎలా కదలాలో చెప్పే ప్రోగ్రాం ఆమె రాసింది. సెలవులకు బడి తాళం వేయడంతో సాధన ఆమె ఇంటి హాల్లో సాగింది.

శుక్రవారం రోబోను ఎన్నిసార్లు వదిలినా ఎడమకు జరిగింది. తెల్లారేసరికి సరికాకపోతే నిరుటి ప్రోగ్రామే పెడదామని సైన్సు మాస్టారు అన్నారు. అంటే కొత్తమ్మాయి గోడవారన కూర్చుని చప్పట్లు కొట్టాలి.

రోబోలో ఏది మార్చినా అందరికీ చెప్పి మార్చాలన్నది జట్టు నియమం. పెట్టింది మాస్టారే. ఆనాటి సాధన ముగిసి మిగతావాళ్ళు మంచినీళ్ళకు లేచినప్పుడు కొత్తమ్మాయి ఎడమ చక్రం వేగం కొంచెం పెంచింది. ఎవరికీ చెప్పలేదు.

శనివారం బస్సు ఆలస్యమై, పోటీకి ముందు రోబోను నడిపి చూసే వ్యవధి లేకపోయింది. సరైందా అని మాస్టారు అడిగితే ముగ్గురూ అయిందన్నారు. ఆయన రెండోసారి అడగలేదు.

న్యాయనిర్ణేత చెప్పు తెప్పించుకుని తొడుక్కున్నారు. నిబంధన ప్రకారం ప్రతి జట్టుకూ రెండో అవకాశం ఉందని గుర్తుచేశారు. జట్టు రోబోతో హాలు మూలకు చేరింది.

"అక్కా, తప్పు నాది," అంది కొత్తమ్మాయి. "నిన్న ఎడమ చక్రం వేగం పెంచాను. చెప్పలేదు."

కెప్టెన్ స్క్రూ వైపు చూసింది. స్క్రూ నేల వైపు చూశాడు.

"నేనూ ఆ చక్రానికే రబ్బరు బ్యాండు చుట్టాను. లావైతే కుడికి లాగుతుందని."

"నోటితో చెప్పొచ్చు కదరా?"

"చెబితే దీని ప్రోగ్రాంలో తప్పుందని ఒప్పుకున్నట్టే కదా. మాస్టారు తీసి పక్కన పెడతారు. పాపం, రెండు నెలలు కూర్చుని రాసింది."

కెప్టెన్ రోబోను తిరగేసి, కుడి చివరన ఉన్న బ్యాటరీని మధ్యకు జరిపింది. నిన్న దాన్ని ఆ చివరకు జరిపింది ఆమే. కారణమూ అదే.

"ఒక్క కూరకి ముగ్గురం ఉప్పేశాం," అంది.

ఎవరు చేసింది వాళ్ళు తీసేశారు. నేల మీద వదిలి చూశారు. రోబో ఇంకా కుడికే పోయింది. నిరుటి ప్రోగ్రామే పెట్టమని కొత్తమ్మాయి మాస్టారితో అంది.

మాస్టారు దగ్గారు.

"ఆగమ్మా. వెనక చిన్న చక్రం నేను కాస్త వంచాను."

"ఎప్పుడు సార్?" అంది కెప్టెన్.

"మీరు సంచులు సర్దుకుంటుంటే. పాత ప్రోగ్రాం అని నోరు జారాను కదా. పిల్ల అన్నం మానేస్తుందేమోనని..."

"మరి చెప్పలేదేం సార్?"

మాస్టారు స్క్రూడ్రైవర్ కోసం చేయి చాచారు.

రెండోసారి రోబో తిన్నగా వెళ్ళింది. దిమ్మె బుట్టలో పడింది. ఈ కాస్సేపట్లో ఏం మార్చారని న్యాయనిర్ణేత అడిగారు.

"ఏమీ మార్చలేదండీ," అంది కెప్టెన్. "మార్చినవన్నీ తీసేశాం."

జట్టుకు నాలుగో స్థానం వచ్చింది. అయితే ఇంట్లో ఎడమకు ఎందుకు పోయిందన్నది తేలలేదు. భోజనం డబ్బాలు తెచ్చిన కొత్తమ్మాయి తల్లి దగ్గర అది తేలింది.

"హాలుకి వాలుంది కదే. కడిగిన నీళ్ళు గుమ్మం వైపు పోవాలని మీ నాన్న పట్టుబట్టి పెట్టించారు."

"చెప్పలేదేం అమ్మా?"

"రెండు నెలలుగా అందరికీ మంచినీళ్ళు అందిస్తున్నాను. ఒక్కళ్ళు అడిగారా?"

వచ్చే ఏడూ ప్రోగ్రాం కొత్తమ్మాయే రాస్తుందని మాస్టారు బస్సెక్కకముందే చెప్పారు. బస్సులో ఆమె లేచి కెప్టెన్‌కి, స్క్రూకి, మాస్టారికి థాంక్స్ చెప్పింది. దేనికని స్క్రూ అడిగాడు.

"చెప్పకుండా చేసినందుకు," అంది. "ఇకనుంచి చెప్పి చేయండి."

అది చూసుకునే పని కెప్టెన్ ఆమెకే అప్పగించింది. ఎవరు రోబోను ముట్టుకోవాలన్నా ముందు కొత్తమ్మాయికి చెప్పాలి. సోమవారం బడి తెరిచారు; అక్కడ సాధనకు ఆమె వెళ్ళేసరికి మాస్టారితో సహా ముగ్గురూ బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. తాము ఏమీ ముట్టుకోలేదని, ఆమె అడగకముందే, ముగ్గురూ చెప్పారు.