బొమ్మ పులి జిమ్మేదారి

రాయికల్ కోతుల సంగతి చెబితే పొరుగూరివాళ్లు నమ్మరు. ఫ్రిజ్ తెరిచి, పచ్చిమిర్చి పక్కనపెట్టి, టమాటాలు మాత్రమే ఏరుకుపోయే ఘనత వాటిది. ఆ పొద్దున హన్మండ్లు అనుకున్న పని చాలా చిన్నది. కోతులు జడిసేలా మెట్‌పల్లి నుంచి తెచ్చిన పులిబొమ్మను ప్రహరీ మీద కూర్చోబెట్టడం, డాబా మీద మక్కజొన్నలు ఆరబోయడం, ఆపైన నిమ్మళంగా చాయ తాగడం.

చాయ సగం కాకముందే వీధిలో ధడేలుమంది. చూస్తే పక్కింటి పరశురాములు స్కూటర్‌తో సహా మురికినీళ్ల మోరీలో ఉన్నాడు.

"ఏంది బావా, పొద్దుగాల్నే తానమా?" అన్నాడు హన్మండ్లు.

"నీ పులిని జూసి పడ్డ! నడుం ఇరిగింది. జిమ్మేదారి నీదే. నిన్ను కోర్టుకు గుంజుత!"

పూచీ తన మీద పడేసరికి హన్మండ్లుకు చాయ చేదయింది. పరశురాములు అన్నంత పనీ చేసేవాడే. కోడి కూసిందని ఒకరి మీద, కూయలేదని ఇంకొకరి మీద ఫిర్యాదులిచ్చిన చరిత్ర అతనిది. హన్మండ్లు వెంటనే జగిత్యాలలోని శ్రీధర్ వకీలుకు ఫోన్ కలిపాడు. హక్కుల మీద, నష్టపరిహారాల మీద రోజూ సెల్‌ఫోన్‌లో ఉపన్యాసాలిచ్చే వకీలు ఆయన. పరశురాములు జడిసింది ఏ కుక్కకో అనుకున్నాడు.

"కాకా, కోర్టుల ఒక్కటే అడుగుతరు. ముందుగాల జెప్పినవా, లేదా? బోర్డు పెట్టు. గంతే!" అని పూర్తిగా వినకుండానే ఫోన్ పెట్టేశాడు.

హన్మండ్లు గేటుకు బోర్డు కట్టాడు: "పులి ఉన్నది, జాగ్రత్త."

బోర్డు ఫోటో సెల్‌ఫోన్లలో ఊళ్లు తిరిగింది. కోరుట్ల చేరేసరికి పులికి రెండు పిల్లలు పుట్టాయి. సిరిసిల్ల మరమగ్గాల దాకా పోయేసరికి అది ఇద్దరిని మింగి తేన్చింది. మధ్యాహ్నం మూడింటికి అటవీ అధికారి జీపు, వెనకాల బోను, గేటు ముందు ఆగాయి.

"ఇంట్ల పులిని సాదుడు నేరం, ఎరుకేనా?"

"సార్, గది బొమ్మ!"

"బొమ్మకు బోర్డెందుకయ్యా?"

"జిమ్మేదారి నా మీదికి రావద్దని సార్!"

"ఏదీ, చూపెట్టు."

హన్మండ్లు ప్రహరీ వైపు చెయ్యి చాపాడు. ప్రహరీ మీద పులి లేదు.

"అంటే తప్పిచ్చుకున్నదా?" అధికారి గొంతు మారింది. వీధిలో తలుపులు టపటపా మూసుకున్నాయి. ఇక జైలే గతి అని హన్మండ్లు అనుకుంటుంటే, భార్య ముత్తమ్మ గేటు దగ్గరికొచ్చి చూస్తున్న పక్కింటాయనను పట్టుకుంది.

"పరశురాములన్నా, గది బొమ్మని నువ్వన్న జెప్పరాదే!"

పరశురాములు ఇరకాటంలో పడ్డాడు. బొమ్మకు జడిసి మోరీలో పడ్డాడని తెలిస్తే ఊళ్లో తలెత్తుకోలేడు.

"బొమ్మనా? గాండ్రించింది సార్! నా దిక్కు జూసి మూతి గూడ నాక్కున్నది!"

అధికారి కలం తీశాడు. హన్మండ్లు పేరు సగం రాసేసరికి ముత్తమ్మ పైకి చూసి బుగ్గ నొక్కుకుంది.

"మరి నీ డాబా మీద పల్లికాయకు కావలి కూసున్నదేందన్నా?"

అందరూ తలెత్తారు. పులే! పులికి భయపడి కోతులన్నీ హన్మండ్లు డాబా వదిలి పరశురాములు డాబా ఎక్కాయి. దాంతో అతను ఎవరూ చూడకుండా పులిబొమ్మను తన డాబా మీదికి దాటించాడు.

అధికారి మెల్లగా అడిగాడు. "మూతి నాక్కునే పులిని ఇరిగిన నడుంతోని మీదికెట్ల మోసినవయ్యా? సరే, పులి ఎవలింట్ల ఉంటె జిమ్మేదారి వాళ్లదే. నిజం పులా, బొమ్మ పులా? జల్ది జెప్పు, బోను తయారుంది."

పరశురాములు బోను వైపు ఒకసారి, చుట్టూ మూగుతున్న జనం వైపు ఒకసారి చూశాడు.

"బొమ్మనే సార్," అన్నాడు నేల చూపులతో.

పంచనామా రాసి అతని చేతనే సాక్షి సంతకం పెట్టించారు. కోర్టు మాట మోరీలోనే కలిసిపోయింది. సంతకం పెట్టాక కలం తిరిగివ్వకుండా పరశురాములు గొంతు తగ్గించాడు.

"సార్, నేను పడ్డప్పుడు మాత్రం గది నిజం పులే అని ఒక్క ముక్క రాయుండ్రి."

సర్కారు కాగితంలో అందుకు గడి లేదు.