పిడుగు స్టార్ బొమ్మకు దండ

సంపాదకుల వారికి పెయింటర్ హన్మాండ్లు నమస్కారాలు. సౌదీలోని మా దమ్మామ్ లేబర్ క్యాంపులో ఒక చారిత్రక ఘట్టం జరిగింది. దయచేసి మీ పేపర్లో వేయగలరు.

సినిమాల్లో పిడుగు స్టార్, ప్రస్తుతం గల్ఫ్ కార్మికుల సంక్షేమ మంత్రి అయిన భార్గవేంద్ర గారు మా క్యాంపుకు వేంచేస్తున్నారని సంఘం అధ్యక్షుడు జనార్దనన్న మైకులో ప్రకటించాడు. నేను విల్లాల గోడలకు రంగులేస్తాను. బొమ్మలు కూడా వేస్తానని తెలిసి, మంత్రిగారి నిలువెత్తు చిత్రం వేయమని నన్ను ఆజ్ఞాపించాడు.

"సారు స్టేజి మీదనే నీ లీవు ముచ్చట మేనేజర్‌తోని మాట్లాడ్తడు. పోయి కొడుకును జూసుకో" అన్నాడు.

వాడు నేనిక్కడికి వచ్చాక పుట్టాడు. ఇప్పుడు నడుస్తున్నాడట. ఫోన్లో నన్ను చూస్తే ఏడుస్తాడు. ఆ ఏడుపు వింటే నాకూ ఏడుపొస్తుంది. మా మేనేజర్ సలీం సాబ్ మాత్రం ఇంట్లో ఎవరైనా పోతే తప్ప లీవు లేదంటాడు.

సంఘం కమిటీ వాళ్లు రోజూ వచ్చి బొమ్మను పరిశీలించారు. అందరూ కళాహృదయులే.

"పొట్ట తీసెయ్."

తీసేశాను.

"జుట్టు వెట్టు."

నల్లరంగు చాలక గేట్లకు వేసేది కలిపి పెట్టాను. చివరికి మంత్రిగారు నాకంటే చిన్నవారయ్యారు.

తీరా ఆ రోజు షూటింగ్ ఉండి ఆయన రాలేదు. జనార్దనన్న అధైర్యపడే మనిషి కాదు.

"దండ వాడిపోతది. బొమ్మకే ఏద్దాం!"

దండ పడగానే హాలంతా లేచి, తలలు వంచి, మౌనంగా నిలబడింది. మా క్యాంపులో దండ వేసిన ఫొటో ముందు ఎప్పుడూ చేసేది అదే.

"గింత అభిమానం నేనెక్కడ సూడలే!" అన్నాడు జనార్దనన్న.

అప్పుడే సలీం సాబ్ లోపలికొచ్చాడు. దండ చూసి గొంతు తగ్గించి, "కౌన్ హై?" అని అడిగాడు.

జనార్దనన్న ఛాతీ విరిచాడు. "హమారా అన్నా, సాబ్! సగా భాయ్ సే జ్యాదా! హన్మాండ్లు నే ఖుద్ బనాయా!" మా అన్న, తోడబుట్టినవాడి కంటే ఎక్కువ, బొమ్మ హన్మాండ్లే స్వయంగా వేశాడని దానర్థం.

ఇంకా ఆరని రంగులోని థిన్నర్ ఘాటుకు నా కళ్లు కారుతున్నాయి. సలీం సాబ్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇత్నా జవాన్..." అంటూ, ఇంత చిన్న వయసులోనా అన్నట్టు తల ఊపాడు.

సాయంత్రానికల్లా నా లీవు మంజూరై, ఇంటికెళ్లి తిరిగొచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా వచ్చేసింది. మంత్రిగారి చొరవతోనే కార్మికుడికి లీవు దొరికిందని జనార్దనన్న ప్రకటన ఇచ్చాడు.

రేపు నా ఫ్లైటు. సామాను సర్దుకోనివ్వకుండా నా మంచం చుట్టూ మనుషులు. ఒకరి చేతిలో ఎమ్మెల్యే ఫొటో, ఇంకొకరి చేతిలో ఎంపీ ఫొటో.

"జర జల్దీ ఏసి పోవే అన్నా! దండలు మేమే తెచ్చుకుంటం."