మూడు వందల ఉత్త డబ్బాలు

ఆ ఉదయం ఎర్మేతె బ్రుసదెల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకు లోపలి వాకిట్లో డబ్బాల గుట్టను ఒక్క తోపు తోసి, ఆ మోతను టేపుకెక్కించి, మధ్యాహ్నానికి ఇంటికి పోయి వేడివేడి రిజోట్టో అన్నం తినాలి. మిలాన్‌లో బొమ్మల సినిమాలు తీసే ఒక చిన్న స్టూడియోలో అతను శబ్దాల మనిషి. ఏళ్ళ తరబడి టీవీలో సబ్బుల ప్రకటనలు చేసి విసిగిపోయిన ఆ స్టూడియోవాళ్ళు, ప్రకటనల మీదే కసి తీర్చుకునే సినిమా ఒకటి మొదలుపెట్టారు. అందులో ఎగిరే వీరుడు ఒంటిచేత్తో రైలును ఆపుతాడు కానీ, సూపర్ మార్కెట్లో తగ్గింపు ధర బోర్డు చూసి ఎగబడ్డ జనం కింద నలిగిపోతాడు.

ఆ జనం గోల ఒక్కటే కుదరడం లేదు. అద్దెకు తెచ్చిన ఎనిమిది మంది నటుల అరుపులు విని దర్శకుడు గాల్బియాతి మొహం మాడ్చుకున్నాడు. "వీళ్ళు సరుక్కోసం ఎగబడుతున్నారా, పరామర్శకొచ్చారా? రేపు పొద్దున్నకల్లా గోల కావాలి ఎర్మేతె. లేకపోతే నువ్వు మళ్ళీ సబ్బు నురగ దగ్గరికే!"

గోల సంగతి సాయంత్రం చూద్దాం, ముందు డబ్బాలు అనుకున్నాడు ఎర్మేతె. అవి సరుకు నింపకుండానే మూత బిగించిన ఉత్త డబ్బాలు. చిత్రకారులు సరదాకొద్దీ వాటికి బంగారు రంగు చీటీలు అంటించి, మీద 'ఆనందం' అని మాత్రం రాశారు.

అతను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, టేపు తిప్పి, మైకు సవరిస్తుంటే భవనం కాపలా చూసే ఆర్జియా వచ్చింది.

"ఏంటి బాబూ ఈ డబ్బాలు?"

"పదిన్నరకి అన్నీ పడేస్తాం," అన్నాడు తల ఎత్తకుండానే.

ఆర్జియా గుండె తరుక్కుపోయింది. బంగారంలాంటి సరుకు పారేస్తారా! ఆ మాట రొట్టెల కొట్టుకు చేరేసరికి 'ఊరికే ఇస్తారట' అయింది. మూడో అంతస్తు ఎక్కేసరికి 'డాక్టర్లు తినమన్నారట' అయింది. పదింబావుకల్లా వాకిట్లో యాభై సంచులు, వాటి వెనక యాభై మంది ఆడవాళ్ళు.

నిశ్శబ్దంగా ఉండమని ఎర్మేతె పెదవుల మీద ఒక వేలు నిలబెట్టాడు.

"మనిషికి ఒక్కటేనట!" అంది ముందు నిలబడ్డావిడ.

"ఒక్కటేంటి? మా ఇంట్లో ఏడుగురం!"

"మీ ఏడుగురూ నిన్న నలుగురే కదమ్మా!"

ఎర్మేతె బెదిరిపోయి గట్టిగా అరిచాడు. "ఖాళీ డబ్బాలమ్మా! ఖాళీ!"

"అయ్యో, ఖాళీ అయిపోతున్నాయట!" అని వెనక వరస గొల్లుమంది.

ఆపైన ఎవరూ ఎవరి మాటా వినలేదు. గుట్ట కూలింది. సంచులు చిరిగాయి. అప్పచెల్లెళ్ళిద్దరు ఒకే డబ్బాకు చెరో వైపు వేలాడారు. "తేలిగ్గా ఉందేమే?" అని ఎవరో అంటే, "అందుకేగా డాక్టర్లు తినమన్నది!" అని ఇంకెవరో కసిరారు. గొడవ ఆపడానికొచ్చిన పోలీసు టోపీ కింద ఒకటి దాచుకుని పోయాడు. ఐదు నిమిషాల్లో వాకిట్లో ఎర్మేతె, ఒక చెప్పు, నాలుగు బంగారు చీటీలు మిగిలాయి.

అప్పుడే గాల్బియాతి దిగి వచ్చాడు. "డబ్బాలేవి?"

"పోయాయి సార్," అన్నాడు ఎర్మేతె ఏడుపు గొంతుతో. సబ్బు నురగ వాసన అప్పుడే ముక్కుకు తగులుతోంది. "అన్నీ ఎత్తుకుపోయారు."

"మరి అది తిరుగుతోందేంటి?"

టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. వెనక్కి తిప్పి విన్నారు. డబ్బాల మోత, సంచులు చిరిగిన చప్పుడు, 'ఏడుగురం' కేక, అప్పచెల్లెళ్ళ శాపనార్థాలు, అన్నీ ఉన్నాయి. గాల్బియాతి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి ఎర్మేతెను కావలించుకున్నాడు. "ఇదయ్యా గోలంటే! ఇంటికి పోయి కడుపునిండా తిను." ఎర్మేతె మైకు సర్దేసి రిజోట్టో దారి పట్టాడు.

మర్నాడు ఆర్జియా డబ్బా పట్టుకుని వచ్చింది. ఇక తన తలకాయ పగలడమే అనుకున్నాడు ఎర్మేతె.

"ఇందులో ఏమీ లేదు," అందామె.

"లేదమ్మా. నిన్న చెప్పాను."

ఆర్జియా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పైకనకండి. మూడో అంతస్తావిడ రాత్రి వండేసిందట, అమోఘంగా ఉందంటోంది. నేను మాత్రం ఎందుకు తగ్గాలి?"

ఆర్జియాకు ఇంకో రెండు డబ్బాలు కావాలట.